నాలుగో అంతస్తు అల్లుడు

ఆ ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఆయన స్టూలు మీద సగమే కూర్చుంటాడు. మిగతా సగం ఎప్పుడూ లేవడానికి సిద్ధంగా ఉంటుంది. కుడిచెయ్యి బటన్ల మీద, ఎడమచెయ్యి పొత్తికడుపు మీద. మరుగుదొడ్డి ఉన్నది నాలుగో అంతస్తులో. పూటకు అయిదారుసార్లు లిఫ్టు అక్కడ ఆపేసి పరిగెడతాడు. "అల్లుడుగారూ, నాలుగో అంతస్తులో మర్యాదలు బాగా జరిగాయా?" అని గుమాస్తాలు ఆటపట్టిస్తే తనూ నవ్వుతాడు. రక్తం పడుతోందని మాత్రం చెప్పడు. పేగుల్లో పుళ్లకు కారణం తిండి కాదనీ, పుట్టుకతో వచ్చిన లోపమనీ డాక్టరు తేల్చాడు. "రోగాల నుంచి కాపాడాల్సిన శక్తే దారి తప్పి నీ పేగుల మీద పడుతోందయ్యా. మీ అమ్మ నుంచి నీకొచ్చింది, నీ నుంచి నీ కూతురికీ వచ్చి ఉండొచ్చు. పాపకి రక్తపరీక్ష చేయిద్దాం, సంతకం పెట్టు" అని కాగితం ఇచ్చాడు. మూడు నెలలుగా అది ఆయన చొక్కా జేబులోనే నలుగుతోంది. గంతులేసే పిల్లకు సూదెందుకు అనుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం బడి నుంచి నాన్న దగ్గరికి వచ్చి ఆ పిల్ల లిఫ్టెక్కింది. "నాన్నా, ముందు నాలుగులో ఆపవా?" పిల్ల ఎడమచెయ్యి కూడా పొత్తికడుపు మీదే ఉంది.

"ఎన్నాళ్ల నుంచే?"

"సెలవులప్పటి నుంచి. అమ్మకి చెప్పకు నాన్నా."

తలుపు తెరుచుకోగానే పరిగెత్తింది. కింద నుంచి గంట మీద గంట. "అల్లుడుగారూ, ఇంకా అవలేదా?" అని కేకలు. ఆయన తలుపుకు కాలు అడ్డం పెట్టి, కాగితం లిఫ్టు గోడకు ఆనించి సంతకం పెట్టాడు. పిల్ల వచ్చేదాకా కాలు తియ్యలేదు.