గురువారం పొద్దుటి విమానం

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. దించుకుందామంటే ఎక్కడ దించాలో తెలియలేదు.

మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. చదవడం, రాయడం మాత్రం తమిళమే. తెలుగు అక్షరాలు మా వాళ్ళలో ఎవరికీ రావు. నేనొక్కడినే, నలభై దాటాక, వేలూరు బస్టాండులో చిత్తూరు బస్సుల బోర్డులు చదవలేకపోతున్నానన్న రోషంతో నేర్చుకున్నాను. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఈ కాగితం బల్ల మీద పడేసినా మా ఇంట్లో ఎవరూ చదవలేరు. మీరు చదవగలరు, కానీ మీకు నేనెవరో తెలియదు. ఇది ధైర్యమా, పిరికితనమా? ఏమో, నాకే అంతుపట్టడం లేదు.

మాది వేలూరు పక్కన గుడియాత్తం. నాయన లుంగీల వ్యాపారి. నేను వేలూరులో ఆసుపత్రి వీధిలో విమానం టికెట్ల అంగడి పెట్టాను. ఎదురుగానే మా మేనమామ అంగడి. ఈ పని నేర్పింది ఆయనే. నేర్చుకుని ఆయన ఎదుటే అంగడి తెరిచిన ఘనుణ్ణి నేను. వీధిలో రెండు కళగం పార్టీల జెండాలు ఎదురెదురుగా ఎగిరేవి, వాటి కింద మా ఇద్దరి బోర్డులు.

మాకు అన్నం పెట్టేది కలకత్తా వైపు నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళే. అప్పట్లో చెన్నై నుంచి అక్కడికి రెండు చౌక విమానాల కంపెనీలు పోటీ పడేవి. ఒకటి పొద్దున రేటు తగ్గిస్తే రెండోది మధ్యాహ్నానికల్లా ఇంకా తగ్గించేది. తాగే నీళ్ళు కూడా అమ్ముకునే విమానాలు! మామ ఒక కంపెనీ టికెట్లు అమ్మేవాడు, నేను రెండోదానివి. ఆ నెల అందరికన్నా ఎక్కువ టికెట్లు అమ్మిన అంగడికి లైట్లు వెలిగే పెద్ద బోర్డు ఇస్తామని మా కంపెనీ చెప్పింది. మామ అంగడికి అలాంటిది అప్పటికే ఉంది. నాకూ కావాలి. పిచ్చి పట్టినట్టు కావాలి.

మంగళవారం కంపెనీ మనిషి వచ్చాడు. చిత్తూరాయన.

"గురువారం పొద్దున విమానం సగం కూడా నిండలేదప్పా. దాన్ని ఎత్తేసి, ఉండే వాళ్ళని సాయంత్రం దాంట్లోకి తోస్తారు. నువ్వు మాత్రం అమ్ముతా ఉండు. ముందు ఎదుటోడి దగ్గరికి పోకుండా పట్టుకోవాల. ఆమీద ఎప్పుడు ఎక్కిస్తే ఏమి?"

సరేనన్నాను. అదే వాళ్ళ వ్యాపార రహస్యం, నాకు చెప్పారు కదా అని లోలోపల పొంగిపోయాను కూడా.

మరునాడు పొద్దున అంగడి తెరిచి దేవుడి పటానికి కర్పూరం వెలిగించాను. అది ఇంకా ఆరలేదు, ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. అతనిదీ నాదీ అరకొర హిందీ.

"నాన్నను ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. అమ్మను ఒక్కసారి చూడాలంటున్నాడాయన. అమ్మ నడవలేదు, ఊళ్ళోనే ఉంది. రేపు పొద్దుటి విమానం తప్పకుండా పోతుందా?"

"పోతుంది."

"తప్పకుండానా?"

"తప్పకుండా."

ఎదురుగా మామ కనిపిస్తూనే ఉన్నాడు. ఆయన కంపెనీ విమానమూ పొద్దునే. రేటు కాస్త ఎక్కువ, అంతే. అటు వెళ్ళండి అని చెయ్యి చూపిస్తే చాలు. నా చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదు? బోణీ బేరం అది. బోణీ బేరాన్ని ఎదుటి అంగడికి పంపకూడదని నాయన నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. అందుకేనా? లేక ఆ బోర్డు కోసమా? మామ మీద కుళ్ళా? ఒక్కోరోజు ఒక్కో జవాబు తోస్తుంది. బోణీ అనుకున్న రోజు కాస్త నిద్ర పడుతుంది, అందుకే ఆ జవాబంటే నాకు ఎక్కువ అనుమానం.

వాళ్ళు చెన్నై చేరాకే విమానం లేదని తెలిసింది. పది గంటల నుంచి సాయంత్రం ఏడు దాకా ఆ పెద్దాయన చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. కలకత్తాలో దిగారు. కారులో ఊరికి బయల్దేరారు. ఇల్లు ఇంకో గంట దూరం ఉందనగా ప్రాణం పోయింది.

నాలుగు రోజులకు కొడుకు ఫోను చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఆ ఎదుటి అంగడి కంపెనీ విమానంలో తీసుకొచ్చి ఉంటే నాన్న అమ్మను చూసేవాడా? నాలుగు డబ్బులకు చూసుకుని నేనే తప్పు చేశానా?" అని అడిగాడు.

"లేదు బాబూ, ఆ రోజు అదీ పోలేదు" అన్నాను.

అతను ఏడ్చాడు. ఏడ్చి, నాకు దండం పెడుతున్నానన్నాడు. అయ్యో పాపం అనుకునే ఆ మాట అన్నాను, ఒట్టు. కానీ ఆ మాట అతని కన్నా ముందు నన్ను కాపాడింది కదా? జాలీ, భయమూ ఒకే నోట్లోంచి వస్తే ఏది ఎంతో ఎట్లా తెలుస్తుంది?

ఆ తర్వాత అతను తన ఊరివాళ్ళనందరినీ నా దగ్గరికే పంపసాగాడు. ఆ వీధిలో నమ్మదగిన మనిషి నేనేనట! మామ అమ్మే విమానాలు కూడా చెప్పకుండా ఆగిపోతాయన్న మాట వాళ్ళలో పాకింది. మామ అంగడికి జనం తగ్గారు. కొన్నాళ్ళకు మూసేశాడు. బోర్డు నాకు వచ్చింది. ఆ బోర్డిచ్చిన కంపెనీ కూడా తర్వాత మూతపడింది. లైట్లు వెలగని ఆ బోర్డు ఇంకా నా తల మీదే ఉంది.

ఇప్పుడు మామ రోజూ నా అంగడికే వస్తాడు. ఒక కుర్చీ వేశాను. తమిళ పేపరు చదువుతాడు, టీ తాగుతాడు, వచ్చినవాళ్ళకు నా గురించి గొప్పగా చెబుతాడు. నిన్న నేను ఇది రాస్తుంటే తొంగి చూశాడు.

"ఏందిరా నాయనా, జిలేబీలు చుట్టినట్టు రాస్తా ఉండావు? చదువు, విందాం."

ఏదో లెమ్మని తప్పించుకుని ఉండొచ్చు. ఎందుకో చదివాను. ఫోనులో ఆడిన అబద్ధం దాకా చదివి ఆపాను. మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ దినం నా విమానం టయానికే పోయిందిరా" అన్నాడు. టీ గ్లాసు పక్కకు జరిపి, "ఆ మనిషి నంబరు ఉండాదా నీ కాడ?" అన్నాడు.

"ఉంది మామా."

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నంబరు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చెబితే అతని ఊరట పోతుంది, నాకు ఊరట వస్తుంది. చెప్పకపోతే, నా అబద్ధంతో అంగడి పోగొట్టుకున్న మామకు ఏం మిగిలినట్టు? తెలియదు, నిజంగా తెలియదు. ఇవాళ మామ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది. అయినా గుండె నిన్నటి కన్నా తేలికగానే ఉంది. అదే సిగ్గుగా ఉంది.