లెక్క రాని ఊరి మీద గీత

మొన్న ఆదివారం అల్వాల్‌లో మా మనవరాలు తన లాప్‌టాప్‌లో వానల పటం ఒకటి చూపించినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. కోడ్ రాసి పటాల మీద గీతలు గీయడం, వాన తక్కువ పడ్డ మేర ఎర్ర రంగు నింపడం ఆ పిల్ల ఉద్యోగం. ఒకప్పుడు నేను వారం రోజులు వంగి కూర్చుని చేసిన పని నా కళ్ళ ముందే నాలుగు వరుసల్లో అయిపోతే, ఈర్ష్య మాట అటుంచి, నిజంగానే ముచ్చటపడ్డాను. ఆ ఎర్ర రంగు పడ్డ ఊళ్ళకే కరువు సాయం అందుతుందని చెబితే అద్దాలు సవరించుకుని దగ్గరికి జరిగాను. ఒకచోట నాలుగైదు మండలాల నుంచి వాన లెక్కలే రాలేదు, అయినా గీత ఎక్కడా తెగకుండా వాటి మీదుగా నున్నగా సాగిపోయింది, వాటికి ఎర్ర రంగూ పడలేదు.

"లెక్క రాని కాడ గీత తెంపాలె గదనే?" అన్నాను.

"మొదలు గట్లనే తెంపిన తాతా. మ్యాప్ గలీజ్‌గ కనబడ్తదని మా మేనేజర్ కలిపెయ్యమన్నడు. నిన్ననే సర్కారుకు పంపించేసినం."

గలీజట! నాతోపాటు నిబ్బూ నల్లసిరా పట్టుకుని బతికినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకూ నాలాగే మండుతుంది. బొల్లారం నుంచి సైకిలు తొక్కుకుంటూ సికింద్రాబాద్‌లో పటాలు గీసే మా ఆఫీసుకు చేరేసరికి తాలూకాల నుంచి వాన లెక్కల కార్డులు బల్ల మీద ఉండేవి. ఒక్కో ఊరి పక్కన అంకె వేసి, ఒకే పాటి వాన పడ్డ చోట్లను కలుపుతూ, చెమట బొట్టు పడి సిరా అలుక్కుపోకుండా మోచేతి కింద తువాలు వేసుకుని గీత లాగేవాళ్ళం. కార్డు రాని ఊరి దగ్గర మాత్రం గీతను ముక్కలు ముక్కలుగా తెంపడం మా ఆచారం. ఇక్కడి సంగతి మాకు తెలియదు అని దాని అర్థం, అలా ఒప్పుకోవడానికి మాలో ఎవరికీ నామోషీ ఉండేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక ఏడాది చాలాచోట్ల వానలు మొహం చాటేశాయి. పైనుంచి అధికారులు వస్తున్నారని, తెగిన గీతలు చూస్తే పని సగంలో వదిలేశామనుకుంటారని, అన్నీ కలిపేయమని మా పెద్దసారు హుకుం జారీ చేశాడు. కార్డు రాని ఊళ్ళలో మా అక్కను ఇచ్చిన ఊరూ ఉంది. చుక్క పడలేదని అక్క ఉత్తరం కూడా రాసింది. ఉత్తరం కార్డు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, అటూ ఇటూ ఊళ్ళలో వాన బాగానే పడింది గనుక వాటి ప్రకారమే గీత లాగేశాను. పైగా ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయాను, సిగ్గులేకుండా.

పశువులకు గడ్డి కేంద్రాలు ఆ పటంలో వాన తక్కువని రంగు పడ్డ ఊళ్ళలోనే తెరిచారు, అక్క ఊరికి రాలేదు. మా బావ ఎద్దుల జతను అంగట్లో అయినకాడికి అమ్ముకున్నాడు. వారం తిరక్కుండా అక్క బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి అడిగింది.

"మా ఊర్ల వాన పడ్డదని నీకెవరు చెప్పిన్రు తమ్మీ?"

పెద్దసారు పేరు నోటిదాకా వచ్చింది. కానీ గీత లాగింది నా చెయ్యి. మర్నాడు వెళ్ళి ఆయన మొహం మీద నిబ్బు విసిరికొట్టి రావలసింది. వెళ్ళి, నమస్కారం పెట్టి, తరువాతి నెల పటానికి కూర్చున్నాను. ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది, నా మీద నాకు పోలేదు.

అందుకే మొన్న మనవరాలిని ఆ మేనేజరు నంబరు అడిగాను, కడిగిపారేద్దామని. లాభం లేదంది. ఆయనకూ పైన ఎవరో ఉన్నారట, ఆ పైవాళ్ళకు కోడ్‌లో ఏముందో తెలియనే తెలియదట. పనిముట్లు మారినందుకు నాకు బాధ లేదు, మారవలసిందే. ఆనాడు మా అక్కకు ఎవరిని నిలదీయాలో తెలుసు, బస్సెక్కి వచ్చి నిలదీసింది. రేపు ఆ మండలాల్లో గొడ్లను అమ్ముకునే ఇల్లాలికి మా మనవరాలనే మనిషి ఒకతె ఉందని కూడా తెలియదు.