నాలుగు మాట్ల ట్యాంకు

ఆ ఆదివారం పొద్దున సాగర్ కాలువ మెట్ల దగ్గర ఉన్నవి ఇవి: ఒక ట్రాలీ ఆటో, దాని డ్రైవరు, నరసరావుపేటలో లారీ రేడియేటర్లకు మాట్లు వేసే బాబాయ్, ఒక గ్యాస్ స్టవ్, ఒక సైకిల్ పంపు, ఒక ప్రెషర్ గేజీ, దుప్పట్లు ఉతుక్కుంటున్న ఎవరో పెద్దమ్మ, నేను. ఆటోలో పాత చీర చుట్టిన విమానం పెట్రోలు ట్యాంకు.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానంలోది అది. నేను పనిచేసే వర్క్‌షాపులో ఆ విమానాన్ని మళ్లీ ఎగిరేలా చేస్తున్నాం. ట్యాంకు పై రెక్క మధ్యలో, సరిగ్గా పైలట్ తల మీద ఉంటుంది. తగరం పూసిన ఇనుప రేకు. అడుగు అతుకు తుప్పు పట్టి కారుతోంది. మా హెడ్ ఒకటే మాట చెప్పారు: సోమవారానికి, గాలి పెట్టి నీళ్లలో ముంచినా ఒక్క బుడగ కూడా రాకపోతే దీన్నే విమానాల ఇన్‌స్పెక్టరుకు చూపిద్దాం, వస్తే కొత్తది చేయించి దీన్ని గోడకు తగిలిద్దాం.

మా ట్రాక్టరు రేడియేటరుకు మూడుసార్లు మాటు వేసింది ఈ బాబాయే. అందుకే బస్సు డిక్కీలో వేసుకుని ఇక్కడికి తెచ్చాను. ఇప్పటి రేడియేటర్లు కారితే పారేయడమే కాబట్టి ఆయనకు పని తగ్గిపోయింది. వారం రోజులు దీని మీదే కూర్చున్నాడు. వేడినీళ్లతో మూడుసార్లు కడిగి, రంగు గీకితే నాలుగు పాత మాట్లు బయటపడ్డాయి. పెట్రోలు పోసే మూత పక్కన, మేకుతో గీసినట్టు నాలుగు గీతలు కూడా.

"ముగ్గురు వేశార్రా ఇయ్యి," అన్నాడు వేలితో తడుముతూ. "ఈ రెండూ ఒకడియ్యే. ఇది చూడు, కుడి నించి ఎడమకి లాగాడు. ఎడంచేతి వాడు."

విమానం లాగ్ పుస్తకం జిరాక్సు నా దగ్గర ఉంది. అందులో ట్యాంకు నాలుగుసార్లు దించినట్టు రాసి ఉంది. ఎవరు దించారో లేదు. ఎడంచేతి వాడని మాత్రం ఇప్పుడు తెలిసింది.

అడుగు అతుక్కి బాబాయ్ కొత్త మాటు వేశాడు. ముంచి చూడ్డానికి ఆయన తొట్టి నాలుగంగుళాలు తక్కువైంది కాబట్టి కాలువకు వచ్చాం. నేను పంపుతో ఒకటిన్నర పౌండ్ల గాలి పెట్టి, ట్యాంకును నీళ్లలోకి నొక్కాను. అది పైకి తన్నింది. డ్రైవరు కూడా దిగాడు. ఇద్దరినీ కలిపి తన్నింది.

"ఏంది నాయనా, ఇమానం నీళ్లలోనే లేస్తందే!" అంది పెద్దమ్మ.

"ఇంజనీరు సారుకి లెక్కలు రావు పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు, ముఖం తుడుచుకుంటూ.

నిజమే. ఎనభై ఐదు లీటర్ల గాలిని ముంచాలంటే, ట్యాంకు బరువు పోను ఇంకా డెబ్బై కిలోలకు పైగా బరువు కావాలి. ఆ లెక్క నేను పరీక్షల్లో రాసిందే. సామాను జాబితా రెండుసార్లు సరిచూసుకున్నాను గానీ ఇది తట్టలేదు.

"ఒరేయ్, మొత్తం ముంచమని ఎవడు చెప్పాడ్రా?" అని మెట్ల మీంచి అరిచాడు బాబాయ్. "అతుకు వరకే ముంచు. తిప్పుకుంటా ఒక్కో పక్క చూద్దాం."

మొదటి పక్క ఏమీ లేదు. అడుగున ఆయన వేసిన కొత్త మాటు దగ్గర పావుగంట చూశాం, ఏమీ లేదు. మూడో పక్క తిప్పగానే ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. తర్వాత ఇంకొకటి. నాకు గోడ, దాని మీద మేకు కనిపించాయి.

బాబాయ్ వంగి చూసి నవ్వాడు. "నాది కాదురా. ఎడంచేతి వాడిది."

"పీకేద్దామా?"

"ఎందుకు పీకటం? పని చానా మంచిది. ఇన్నేళ్లు ఆగింది, ఇంకేం కావాలి? అంచున కాస్త వదిలింది, అంతే."

గాలి వదిలి, తుడిచి, ఎండలో గంట ఆరబెట్టాం. స్టవ్ మీద రాగి కడ్డీ కాల్చి, కరిగిన తగరాన్ని ఆ మాటు అంచు వెంట కుడి నుంచి ఎడమకే, వాడు లాగిన వైపుకే లాగాడు. చేయి కుదరక రెండుసార్లు ఆగాడు గానీ దిక్కు మార్చలేదు.

మళ్లీ గాలి పెట్టాం. ఒక్కో పక్క అరగంట. ఉతకడం ఆపి పెద్దమ్మ కూడా వచ్చి చూసింది. గేజీ ముల్లు కదలలేదు. బుడగ రాలేదు.

ట్యాంకును చీరలో చుట్టబోతుంటే బాబాయ్ ఆపాడు. ఆటో డ్రైవరు దగ్గర మేకు అడిగి తీసుకుని మూత పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు గీతలు ఐదు.