రెజీనక్క నిమ్మచెక్క

గూడూరు నుంచి ఇవాళ నిమ్మకాయల బస్తా వచ్చింది. బస్సు పార్సిల్ ఆఫీసులో భుజానికెత్తుకున్నప్పుడే వాసన ముక్కుకు తగిలింది, షాపు చేరేసరికి నా చొక్కా నిండా అదే. పక్క అంగడి దర్జీ ఊరుకోలేదు. "యేమప్పా మునిరత్నం, రిపేర్లు మానేసి నిమ్మసోడాలు పెడతాండావా?" అన్నాడు. ఏటా అడుగుతాడు, ఏటా నవ్వుతాను. లోపలికి పోయి ఒక కాయను రెండు చెక్కలుగా కోశాను. నిమ్మ వాసన, షాపులో ఎప్పుడూ ఉండే సోల్డరింగ్ పొగ వాసన కలిశాయంటే చాలు, నాకు పని నేర్పిన రెజీనక్క నా పక్క స్టూలు మీద కూర్చుని భూతద్దంలోంచి సర్క్యూట్ బోర్డును చూస్తూ, చర్చి పాట ఒకటి ముక్కుతో కూనిరాగం తీస్తున్నట్టే ఉంటుంది నాకు. ఆవిడ భర్తది గూడూరులో నిమ్మకాయల వ్యాపారం. షాపు నాకు అప్పజెప్పి అక్కడికి వెళ్ళిపోయింది. షాపు పేరు బోర్డు మీద మాత్రం ఇంకా ఆవిడ పేరే ఉంది. మార్చమని ఆవిడే ఎన్నోసార్లు పోరింది. నేను వినే రకమైతే కదా.

మాది కార్వేటినగరం పక్క పల్లె. చెరకు ఆడుతుండగా గానుగలో పడి నా కుడిచేతి మధ్యవేళ్ళు మూడూ పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. నొప్పి కొన్నాళ్ళకు తగ్గింది గానీ మనుషుల చూపు తగ్గలేదు. చూపు అని కూడా అనకూడదు, చూడకపోవడం అనాలి. నాతో మాట్లాడేవాళ్ళు నా చెవి వంకో గోడ వంకో చూసేవారు. నేనూ ఆ చేతిని తువ్వాలు కింద దాచేవాడిని. నా భార్య సుగుణకు తిరుపతిలో బట్టలు కుట్టే చోట పని దొరికితే ఆమె వెంట నేనూ వచ్చాను. ఆమె పనికి పోయేది, నేను ఇంట్లో కూర్చునేవాడిని. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఏడు కొండలు కనబడే కిటికీ పక్కన కూర్చుని ఆ మాట తలచుకోవాలంటే భయంగా ఉండేది. నా మీద నాకే కోపం, ఆ కోపమంతా సుగుణ మీద చూపించేవాడిని.

అప్పుడు నా బామ్మర్ది ఒక పాత గేమ్ కన్సోల్ తెచ్చిచ్చాడు. "క్రికెట్ ఆడు బావా, పొద్దుపోతాది" అన్నాడు. మంచివాడు, కాకపోతే కొంచెం ముందూవెనకా చూడడు. దాని రిమోట్ పట్టుకోవాలంటే రెండు చేతుల వేళ్ళూ నిండుగా కావాలి. పైగా కన్సోల్ లోపలి ఫ్యాను పిండిమరలా మోత. అది బాగుచేయించడానికే మొదటిసారి రెజీనక్క షాపుకు పోయాను.

ఆవిడ ఏర్పేడు దగ్గర పల్లె మనిషి. పెళ్ళయిన కొత్తలో తడ వైపు ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేసింది. పొద్దస్తమానం భూతద్దం కింద చీమకాళ్ళంత ముక్కలు అతికించడమే అక్కడ పని. అది వదిలేసి ఈ షాపు పెట్టింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను కన్సోల్‌ను బల్ల మీద పెట్టగానే నా తువ్వాలు వంక నేరుగా చూసి, "ఆడతావా, ఊరికే సూస్తావా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. తువ్వాలు తీసి చెయ్యి ఆవిడ ముఖం ముందు పెట్టాను. "ఎట్ల ఆడేది దీంతో? నువ్వే జెప్పు."

ఆవిడ గోడ వంక చూడలేదు. భూతద్దం లాక్కుని, బోర్డును చూసినట్టే నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ రెండూ బాగా వంగతాండాయే! నాలుగు దినాలు పొయినాక రా" అంది.

పోయేసరికి ఫ్యాను మోత లేదు. పక్కన ఒక చెక్కపీట ఉంది, మనం కూర్చుని అన్నం తినే పీట. దానికి ఎడమవైపు ఒక చిన్న గేరు కర్ర, కుడివైపు పెద్ద పెద్ద కాలింగ్ బెల్ స్విచ్చులు. ఒడిలో పెట్టుకుని ఎడమచేత్తో కర్ర తిప్పాలి, కుడిచేతి బొటనవేలితో, చిటికెనవేలితో, అరచేతి మొదలుతో స్విచ్చులు నొక్కాలి. లోపల ఏదో చవకరకం రిమోట్ బోర్డు పెట్టింది. కంపెనీ రిమోట్‌తో ప్రయత్నిస్తే దాని పల్చటి రేకుల మీద తీగలు నిలవలేదట. ఆ రాత్రి సుగుణను ఔట్ చేశాను. గానుగ తర్వాత ఎవరి సాయం లేకుండా నేను చేసిన మొదటి పని అదే. "బంతి పడకముందే నొక్కినావు, తొండి" అని సుగుణ గొడవ పెట్టుకుంది. మా ఇంట్లో మళ్ళీ సరదా గొడవలు మొదలయ్యాయి. ఎంత బాగుండేదో చెప్పలేను.

ఆ సంతోషానికి బామ్మర్దే ఎసరు పెట్టాడు, పాపం, మంచి చేయబోయి. ఒక ఆదివారం వచ్చి కన్సోల్‌ను తన ఫోన్ నెట్‌కు కలిపాడు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని తెరమీద పడితే, నన్ను అడక్కుండానే సరే అని నొక్కేశాడు. ఫర్మ్‌వేర్ అంటే కన్సోల్ బుద్ధి అనుకోండి. అది ఎలా మెలగాలో, దేన్ని దగ్గరికి రానివ్వాలో చెప్పే మూల సాఫ్ట్‌వేర్. కొత్త బుద్ధి వచ్చిన కన్సోల్ నా పీటను ఒప్పుకోలేదు. కంపెనీ అనుమతి లేని పరికరమని తెరమీద రాసింది. తీసి పెట్టాను, మళ్ళీ పెట్టాను. అదే మాట. బామ్మర్ది మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఆ రాత్రి తువ్వాలు మళ్ళీ చేతిమీదికి వచ్చింది.

మర్నాడు కన్సోల్, పీట ఎత్తుకుని రెజీనక్క దగ్గరికి పోయాను. "దీని బుద్ధి మారిపోయిందక్కా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, దీనిది ఒక్క నొక్కుతో పోయింది" అన్నాను.

"పొయిన బుద్ధిని తీగలతో తెస్తాం, ఉండు" అని నవ్వింది. ఒకసారి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కితే కన్సోల్ తనంతట తాను పాతదానికి వెనక్కి పోదట. మూత విప్పి, ఆ బుద్ధి ఉండే చిప్ కాళ్ళకు సన్నటి తీగలు అతికించి, కంప్యూటర్ నుంచి పాత కాపీని నేరుగా అందులోకి రాయాలట. ఏ కన్సోల్ కాపీ ఆ కన్సోల్‌కే పనికొస్తుంది, పక్కవాడి జాతకం మనకు పనికిరానట్టు. "మరి నాదానికి పాత కాపీ యాడుంటాది?"

"ఈడే ఉండాది. ఫ్యాను బాగు జేసినప్పుడే తీసి పెట్టినా. మా నాయన శెనిక్కాయ కళ్ళం ఎత్తేటప్పుడు మొదుట ఇత్తనాలకు తీసి పక్కన పెట్టేవాడు. ఆ తర్వాతనే అమ్మేది, తినేది. నా బల్ల మీదికి ఏ పెట్టె వచ్చినా ముందు ఇత్తనం తీస్తా." దొంగ ఆటలు ఎక్కించుకోవడానికి ఇదే పని చేయమని వచ్చేవాళ్ళను ఆవిడ గడప తొక్కనిచ్చేది కాదు. నాతో మాత్రం, "వెనక్కి పొయినాక దీన్ని మళ్లా నెట్‌కు కలపాకు, కంపెనీవాళ్ళు వారంటీ కూడా ఇయ్యరు, సరేనా?" అని ఒప్పించుకుంది. సరే అన్నాను. అప్పుడు తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ నా ముందుకు తోసింది.

"నేను జేసిస్తే రేపు మళ్లా మీ బామ్మర్ది నొక్కతాడు. నువ్వే నేర్సుకో."

"ఎగతాళా అక్కా?" అన్నాను.

"ఎగతాళి యెందుకు? చేతికి మూడేళ్ళు ల్యావు, సరే. మిగతా ఏడూ ఊరికే కూర్సోని తింటాండాయి గదా!"

ఆ మాట ఇంకెవరన్నా అంటే బల్ల తిరగేసి వచ్చేవాడిని, నా కోపం అలాంటిది. ఆవిడ అంటే నవ్వొచ్చింది. గానుగ తర్వాత ఆ చేతి గురించి నేను నవ్వడం అదే మొదలు.

స్టూలు లాక్కుని నా కుడిపక్కన కూర్చుంది. ఐరన్ నా ఎడమచేతిలో, తీగ పట్టిన పటకారు ఆవిడ కుడిచేతిలో. నా కుడిచెయ్యి బోర్డును కదలకుండా అదిమి పట్టాలి. ఇద్దరం కలిసి ఒక మనిషి పని. మొదటి కాలికి తీగ అతుక్కుంది. రెండోది అతుక్కుంది. మూడోదానికి ఐరన్ జారి ఆవిడ వేలికి తగిలింది. "స్తోత్రం!" అని కేకేసింది. నేను ఐరన్ కింద పెట్టేసి లేచాను. ఇక నావల్ల కాదన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వేలును చెంబులో ముంచుకుని, "కాలింది నా ఏలు, ఏడుపు నీకెందుకబ్బా? కూర్సో" అంది. కూర్చున్నాను. ఆ కాలిన వేలితోనే పటకారు పట్టుకుంది.

తీగలన్నీ అతికించాక వెంటనే రాయనివ్వలేదు. ముందు చిప్‌లో ఇప్పుడున్నదాన్ని రెండుసార్లు కాపీ తీయాలి, రెండూ ఒకటేనా కాదా అని కంప్యూటర్ చెప్పాలి, అప్పటిదాకా టీ కూడా తాగకూడదు. ఆవిడ పద్ధతి అది. మావి రెండూ కలవలేదు. ఎక్కడో ఒక అతుకు సరిగా పడలేదన్నమాట. ఏదో చెప్పదు, వెతుక్కోమంటుంది. భూతద్దంలో చూసి చూసి, మెరుపు లేకుండా మసకగా ఉన్న అతుకు ఒకటి నేనే పట్టుకున్నాను. "ఇదిగో దొంగ!" అని అరిచాను. దాన్ని కరిగించి మళ్ళీ అతికించాం. ఈసారి రెండు కాపీలూ కలిశాయి. టీ చెప్పింది. అంత తీపి టీ నేను మళ్ళీ తాగలేదు.

పాత కాపీ రాయడం అయ్యేసరికి పని ముగించుకుని సుగుణ వచ్చింది. కన్సోల్ స్విచ్ మీద వేలు పెట్టి నేను "గోవిందా" అన్నాను, పక్కనుంచి రెజీనక్క "స్తోత్రం" అంది. నొక్కాను. తెర నల్లగా ఉంది. ఎదురుచూశాం. నల్లగానే ఉంది. నేను తల పట్టుకున్నాను. రెజీనక్క మొహం కూడా మొదటిసారి వాడిపోయింది. సుగుణ మా ఇద్దర్నీ చూసి, బల్ల వెనక్కి తొంగిచూసి, "టీవీకి తీగ పెట్టనే లేదు గదా!" అంది.

మేము ముగ్గురం నవ్విన నవ్వుకు దర్జీ తన అంగడి వదిలి వచ్చి చూశాడు. తీగ పెట్టాం. పాత తెర, పాత బొమ్మ, పాత బుద్ధి. పీటను తగిలించాను. ఒప్పుకుంది. షాపులోనే సుగుణకు బ్యాటింగ్ ఇచ్చి మొదటి బంతికే ఔట్ చేశాను. "తొండి!" అంది సుగుణ. రెజీనక్క అంపైర్‌లా వేలెత్తి చూపించింది, కాలిన వేలు.

పని ముగిశాక ఆవిడ రోజూ నిమ్మకాయ కోసి చేతులకు రుద్దుకునేది, పొగ జిడ్డు పోవడానికి. ఆ సాయంత్రం తన చేతులు రుద్దుకుని, నా ఎడమచెయ్యి లాక్కుని రుద్దింది. ఆ ఊపులోనే కుడిచెయ్యీ లాక్కుంది. వేళ్ళు లేని చోట, మచ్చల మీద, ఇంట్లో గిన్నె తోమినంత మామూలుగా రుద్దింది. నేను సుగుణను కూడా ముట్టుకోనిచ్చేవాడిని కాదు ఆ చేతిని. "ఇదీ పని జేసింది గదా, బోర్డు పట్టుకోలా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. నిమ్మరసం కంట్లో పడిందన్నాను. ఇద్దరు ఆడవాళ్ళూ నమ్మినట్టు నటించారు.

మరుసటి వారం నుంచి ఆ షాపులోనే పనికి కుదిరాను. తువ్వాలు ఇప్పుడు చెమట తుడుచుకోవడానికి వాడుతున్నాను. ఏ పెట్టె వచ్చినా ముందు విత్తనం తీస్తాను, రెండు కాపీలు కలిస్తే గానీ టీ తాగను. వచ్చేవాళ్ళలో నా చేతిని చూసి గోడ వంక చూసేవాళ్ళు ఉంటారు. బోర్డు దాంతోనే పట్టుకుని పని మొదలుపెడతాను. కాసేపటికి వాళ్ళ కళ్ళు వాటంతట అవే దిగివస్తాయి.

ఇందాక నిమ్మచెక్క చేతిలో ఉండగానే ఫోన్ మోగింది.

"కాయలు సేరినాయా?"

"సేరినాయక్కా. ఇప్పుడే కోసినా."

"రుద్దుకున్నావా?"

"రుద్దుకున్నా."

ఆ తర్వాత ఏమడుగుతుందో నాకు తెలుసు.

"రెండిటికీనా?"

"రెండిటికీ అక్కా" అన్నాను. ఎడమచేతిలోని చెక్కను కుడిచేతి మచ్చల మీద ఇంకోసారి గట్టిగా పిండాను.