పరదేశి హాల్లో ఆఖరి రీలు

చోడవరం చరిత్రను ఎవరైనా పూనుకుని రాస్తే, రామచంద్రమూర్తిగారు చెవులు మూసుకోవడం మొదలుపెట్టిన ఘట్టానికి ఒక ప్రకరణం కేటాయించక తప్పదు. ఆ ఘట్టం విజయనగరంలో, కాలేజీ హాస్టల్లో జరిగింది. ఆయన ఒక అపరాధ పరిశోధక నవల సగంలో ఉండగా, పక్కమంచం మీది మిత్రుడు ఆవులిస్తూ "చంపింది వంటవాడేలే" అన్నాడు. మూర్తిగారు ఆ నవల మానేశారు, ఆ మిత్రుణ్ణి మానేశారు. కొన్నాళ్లపాటు హాస్టలు వంటవాడు వడ్డించిన సాంబారు కూడా మానేశారు.

అప్పట్నుంచి ఎవరు ఏ కథ ఎత్తినా ఆయన చూపుడువేళ్లు చెవుల్లోకి పోయేవి. పెళ్లిపీటల మీద బావమరిది తాను విశాఖపట్నంలో చూసిన సినిమా సంగతి ఎత్తుకుంటే, తలంబ్రాలు పోస్తూ పోస్తూ చెవులు మూసుకున్నారు. చెవుల్లోంచి బియ్యపుగింజలు తీసింది తానేనని భార్య దుర్గాంబ ఇప్పటికీ చెబుతుంది.

చోడవరం హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరుగా చేరేనాటికి ఆయనకు జీవితంలో ఒకే కోరిక మిగిలింది. హంతకుడెవరో తెలియకుండా ఒక్క కథ, ఒకే ఒక్క కథ, చివరిదాకా చూడాలి.

అలాంటి సమయంలో పరదేశి హాలుకి మొట్టమొదటి ఇంగ్లీషు సినిమా వచ్చింది. అంతవరకూ హాలు యజమాని పరదేశి ఆడించినవన్నీ పురాణాలే గనక మూర్తిగారు ఆ రేకుల షెడ్డులో అడుగుపెట్టలేదు. ఆదివారం మ్యాటినీకి దుర్గాంబను వెంటబెట్టుకుని వెళ్లి, ముందువరస కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నారు.

తెర మీద పెద్ద బంగళా. వాన. ఒక ముసలావిడ హత్య. మేడ మీద ముగ్గురు మగాళ్లు, ముగ్గురూ మర్యాదస్తులే. చేతితొడుగు వేసుకున్న చెయ్యొకటి తలుపు గడియ మీద పడుతుంది, అంతే, మనిషి కనపడడు. మూర్తిగారు ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు దీపాలు వెలిగాయి. పరదేశి తెర ముందు నిలబడ్డాడు.

"వడ్డాది, మాడుగుల బస్సుకి ఎల్లాల్సినోలు తొందరపడకండి. ఇప్పుడు ఆకరి రీలు ఏసేస్తన్నాం. అది సూసుకునెల్లండి."

ఆ హాల్లో అది ఆచారం. పురాణాల్లో ఎవరు ఎవర్ని చంపుతారో అందరికీ ఉగ్గుపాలతోనే తెలుసు గనక, యుద్ధం ముందొచ్చినా పెళ్లి తరవాతొచ్చినా ఎవరికీ పట్టేది కాదు. మూర్తిగారు మాత్రం కుర్చీ తన్నుకుంటూ లేచారు.

"నీకేమైనా మతి పోయిందా పరదేశీ? హంతకుడు బయటపడేది ఆఖరి రీల్లోనే కదయ్యా."

"అందుకే గదా బాబూ ముందేస్తన్నాను. అంతకుణ్ణి సూడకండా బస్సెక్కితే ఆల్లు మల్లీ నా మొకం సూస్తారేటి?"

"చోడవరం వాళ్లం, మా సంగతేమిటి?"

"మీరు ఊర్నే ఉన్నారు గదా. మిగతాది నెమ్మదిగా సూసుకుంటారు."

"నెమ్మదిగా చూసేదేమిటయ్యా, నీ శ్రాద్ధమా?"

"కూర్చోండి," అంది దుర్గాంబ ఆడవాళ్ల వైపునుంచి. "నలుగురూ నవ్వుతున్నారు."

నలుగురు కాదు, హాలంతా నవ్వుతోంది. దీపాలు ఆరాయి. మూర్తిగారు కళ్లు మూసుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని, పళ్లు నూరుతూ కూర్చున్నారు. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి కూడా పెద్ద గోల వినపడింది. ఈలలు, కేకలు. దొరికాడన్నమాట వెధవ. ఊరందరికీ దొరికాడు, తనకు తప్ప.

బస్సు వాళ్లు లేచి వెళుతున్నారు. వడ్డాది చెరుకు రైతు సత్యారావు ఆగి, ఆయన భుజం తట్టాడు. "మేస్టారూ, సెప్పీమంటారేటి? మీరసలు అనుకోరు. ఆడేనండి, ఆ..."

మూర్తిగారు వేసిన కేకకు బయట కట్టిన ఎడ్లు బెదిరాయి. సత్యారావు మాత్రం నవ్వుకుంటూ బస్సుకి పోయాడు.

మిగిలిన సినిమా ఆయన మండిపోతూనే చూశారు. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు తనకంటే జ్ఞానులన్న ఊహే ఆయనకు నిప్పు. సినిమా అయిపోయి అందరూ వెళ్లాక కూడా కుర్చీ వదల్లేదు.

"ఆ రీలు మళ్లీ వెయ్యి. వేసేదాకా కదలను. రేపు స్కూలు కూడా ఇక్కడే పెడతాను."

"ఏసేస్తాను బాబూ, గొడవొగ్గీండి," అని పరదేశి ఖాళీ హాల్లో ఆయనొక్కరికోసం రీలెక్కించాడు. దుర్గాంబ కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడింది. మూర్తిగారు చొక్కా సర్దుకున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. హాస్టలునాటి నుంచీ కాపాడుకొస్తున్న చెవులు, ఇన్నాళ్లకు, బార్లా తెరిచి ఉంచారు.

వాన. మెట్లు. తొడుగు చెయ్యి గడియ తిప్పింది. తలుపు తెరుచుకుంది. వెలుగు ఆ మనిషి బూటు మీద పడింది, మోకాలి దాకా పాకింది. తెర తెల్లబడింది.

"తరవాత?" అన్నారు మూర్తిగారు.

"అంతే బాబూ," అన్నాడు పరదేశి పైనుంచి. "అక్కడ తెగిపోయింది. మన కాడికొచ్చినప్పుడే అంత. అందుకే గదా అందరూ ఇందాకా గోలెట్టేరు, ఇన్లేదా?"