ఆగడం మరిచిన చిక్కుడు

మా వదినకు ఆలస్యం గిట్టదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడటం కూడా ఆమెకు శిక్షే. అలాంటి మనిషికి చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆలోచించే మా అన్నయ్య దొరికాడు. "మీ అన్నయ్య గడప దాటేలోపు నేను సంతకెళ్లి రావచ్చు" అనేది. ఆడపడుచును కదా, నేనూ ఊరుకునేదాన్ని కాదు. "కాలుగాలిన పిల్లిలా తిరగకపోతే కాసేపు కూర్చోరాదా వదినా" అనేదాన్ని.

ఇద్దరం ఒకే విత్తనాల గిడ్డంగిలో పనిచేస్తాం. నేను సీసాలు కడిగి, ఆరబెట్టి, చీటీలు అంటిస్తాను. వదినది మొలక పరీక్ష. చల్లగదిలో ఏళ్ల తరబడి దాచిన గింజలు కొన్ని తీసి, తడి కాగితం మీద పరిచి, ఎన్ని బతికున్నాయో చూడాలి. ప్రాణం తగ్గుతున్న రకాన్ని వెనక మళ్లలో పండించి, కొత్త గింజలు సీసాలకెత్తి, పాతవి తీసేయాలి. ఇందులో వదినకొక పద్ధతి ఉంది. ముందు మొలిచినవే నాటుతుంది, వెనకబడ్డవి చెత్తబుట్టకే. "బతిమాలించుకునేదాన్ని నాటితే బతిమాలించుకునే పంటే వస్తుంది" అనేది. అందరికీ అది సబబుగానే తోచింది. పైవాళ్లూ మెచ్చుకున్నారు. చివరికి ఆమె పేరే మొలకలమ్మ అయిపోయింది.

ఆ పద్ధతికి బాగా లొంగింది పొట్టి చిక్కుడు. వానలు మొహం చాటేసినా కాసే రకం. కొండవాలు రైతులు తప్ప ఎవరూ వేయరు. కిందటేడు తెగులొచ్చి వాళ్ల చేలూ, దాచుకున్న గింజలూ ఊడ్చుకుపోయాయి. ఇక మిగిలింది మా సీసాల్లోనే. ఈ వానలకు విత్తనం ఇస్తానని వదిన వాళ్లకు మాటిచ్చింది. అందుకే మళ్లలో ఎక్కువగా వేసింది.

ఎప్పట్లాగే చకచకా మొలిచింది. ఆ తర్వాతే మొదలైంది. ఒక మొక్కకు ఆకు సగం తెల్లబడింది. ఇంకోదానికి చిగురు మెలితిరిగింది. కొన్ని పూశాయి గానీ కాయ పట్టలేదు. వదిన నీళ్లను తిట్టింది, మట్టిని తిట్టింది, ఎరువు వేసినందుకు నన్నూ తిట్టింది. పట్టపగలే ఆ మడి దగ్గరికి వెళ్లాలంటే నాకు ఒళ్లు జలదరించేది. పచ్చగా ఉండాల్సిన చోట రోజురోజుకూ తెలుపు పాకుతుంటే ఎవరికి బాగుంటుంది?

గిడ్డంగిలో పరిశోధన చూసే డాక్టరమ్మ వచ్చి మొక్కలు చూసింది. వదిన పద్ధతి అడిగి తెలుసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, ఎంత చల్లగా దాచినా గింజ లోపల డీఎన్ఏ కొద్దికొద్దిగా తెగుతూనే ఉంటుంది. నీళ్లు తగలగానే గింజ ముందు ఆ తెగినవి అతికించుకుంటుంది. అతుకు పడేదాకా పెరగొద్దని ఆపే కాపలా ఒకటి లోపలే ఉంటుంది. ముసలి గింజ ఆలస్యంగా లేచేది అందుకే."

"మరి ముందు లేచేవో?"

"కొన్ని నిజంగానే గట్టివి. కొన్నింట్లో మాత్రం ఆ కాపలా పుట్టుకతోనే చెడి ఉంటుంది. తెగినవి తెగినట్టే పెట్టుకుని పెరిగిపోతాయి. ఆ లోపం పిల్లలకూ వస్తుంది. పాత గింజల్లోంచి ప్రతిసారీ తొందరవాటినే ఏరితే, చివరికి సీసాల్లో అవే మిగులుతాయి."

వదిన మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఇంకా ఆశ ఉందని కూడా డాక్టరమ్మే చెప్పింది. పొట్టి చిక్కుడు సీసాలన్నింట్లోంచీ గింజలు తీసి, వేడీ తేమా ఉన్న పెట్టెలో ఉంచి, కావాలనే దెబ్బతీసింది. పోల్చి చూడటానికి, ఎన్నడూ ఏరని ఇంకో రకాన్నీ అలాగే చేసింది. తర్వాత అన్నింటినీ తడి కాగితం మీద పరిచాం. ఆగి, నింపాదిగా మొలిచే గింజలు, అంటే కాపలా చెడనివి, ఏ ఒక్క సీసాలో కనిపించినా చాలు, వాటితో ఈ రకాన్ని మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

మొలక రాకూడదని వదిన కోరుకోవడం అదే మొదలు. ట్రేల గది తలుపు దాకా వెళ్లేది, వెనక్కి వచ్చేది. "నువ్వు చూడవే, నా కళ్లు మంచివి కావు" అనేది. ఆమెను ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు.

ఒక ఉదయం మూతలు తీశాం. పోలికకు పెట్టిన రకం గింజలు నీళ్లు తాగి ఉబ్బి, కదలకుండా పడి ఉన్నాయి. మా పొట్టి చిక్కుడు ట్రేలన్నింట్లో తెల్లటి మొలకలు, కూడబలుక్కున్నట్టు ఒకే ఎత్తున. ఏ సీసా చూసినా అదే వరస. ఇంతకుముందైతే ఇలాంటి ట్రే చూసి టీలు తెప్పించుకునేవాళ్లం. వదిన ఒక్కో ట్రేనూ వేలితో కదిపి, ఆగిన గింజ కోసం వెతికింది. ఒక్కటీ లేదు. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఇంతలో కొండవాలు రైతుల పెద్ద ఫోన్ చేశాడు. వదిన స్పీకర్ పెట్టింది.

"దుక్కులు దున్ని కూర్చున్నామమ్మా. మొలకలొచ్చాయా?"

"వచ్చాయి బాబాయ్."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒరేయ్, అన్నీ వచ్చాయంట్రా!" అని ఆయన అటువైపు ఎవరికో కేకేశాడు. వెనకాల నలుగురైదుగురు నవ్వారు. వదిన ఫోన్ నా చేతిలో పెట్టేసి, ట్రేల మీద మూతలు వేయడం మొదలుపెట్టింది. ఆ నవ్వులు సద్దుమణిగాక, "బాబాయ్, అవి విత్తనానికి పనికిరావు" అని నేనే చెప్పాను.