రూతమ్మ టీచర్ ఇంట్లో చచ్చిన ఎలక

పోయిన వారం మా ఓనర్ రూతమ్మ టీచర్ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. వచ్చిన ఆడవాళ్లంతా వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడిపించింది నేను! నేనా కూడికలో లేను కూడా. పైన నా గదిలో కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతున్నా.

మొదటినుంచీ చెప్తా వినండి.

నేనుండేది తార్నాకలో, టీచర్ ఇంటి మేడ మీద గదిలో. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైపు చేసిపెడుతుంటా. నేను మాత్రం ఆ యూనివర్సిటీలో ఏమీ చదవలేదు. పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు, స్టూడెంటువీ కాదు అని వీధిలో ఎవరూ గది ఇవ్వకపోతే, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్కూల్లో రిటైరైన ఈ టీచరే ఇచ్చారు. ఒకే ఒక్క షరతు పెట్టారు. "అమ్మాయ్, పైన మొక్కలూ కుండీలూ పెట్టి నీళ్లు పొయ్యకు. ఇదివరకు ఉన్నావిడ గులాబీలు పెంచింది. నా మంచం మీద స్లాబు కారింది. నీళ్లు కనపడ్డ రోజున గది ఖాళీ చెయ్యాలి, ముందే చెప్తున్నా."

సరేనన్నాను. మొక్కలు పెట్టలేదు. పుట్టగొడుగులు పెట్టాను. పుట్టగొడుగు మొక్క కాదు కదా! సైబర్ కేఫ్‌లో కూర్చుని మొత్తం చదివాను మరి.

పాత బట్టల స్టాండుకి నల్ల పాలిథిన్ షీటు చుట్టి టెంటు కట్టాను. లోపల ఉడకబెట్టిన వరిగడ్డి సంచులు వేలాడదీసి, అందులో పుట్టగొడుగుల విత్తనం కలిపాను. రోజూ స్ప్రే కొట్టడమే. స్లాబు మీద చుక్క పడకుండా కింద రెండు టబ్బులు పెట్టాను. అంత జాగ్రత్త!

వారం తిరక్కముందే వాసన మొదలైంది. గడ్డి సరిగ్గా ఉడికినట్టు లేదు. పులిసిన కుడితిలో తడి గోనెసంచి నానేసినట్టుండేది. క్యాంపస్ హాస్టల్లో ఉండే నా దోస్తు రజిత వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఏందే ఈ కంపు? గీడెట్ల పంటున్నవ్?"

"వెంటిలేషన్ లేకనే. ఫ్యాన్ పెడ్తే అంత సెట్ అయితది."

ఫ్యాన్ కోసం కాచిగూడ పోయాను. పాత సామాన్ల దుకాణంలో, మూతబడ్డ టిఫిన్ సెంటర్ వాళ్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్ దొరికింది. దోసెల పెనం పొగంతా లాగిన ఫ్యాన్! నా టెంటేమో బీరువా అంత. చిన్నది చూసుకోవే అని రజిత మొత్తుకుంది. వినలేదు. ఫ్యాన్ బిగించి, పాలిథిన్ కవర్లు అతికించి గొట్టం చేసి, బాత్రూం కిటికీలోంచి వెనక గాలిబావిలోకి వదిలాను.

గాలిబావి అంటే, మేడ మీది బాత్రూంకీ కింది బాత్రూంకీ కిటికీలుండే సన్నటి సందు. పైకి తెరిచి ఉంటుంది, వాసన ఆకాశంలోకి పోతుంది అనుకున్నా. పావురాలు గూళ్లు పెడుతున్నాయని టీచర్ దాని మీద రేకు బిగించేశారని నాకేం తెలుసు? తలెత్తి చూస్తే కనపడేదే. చూడలేదు.

స్విచ్ వేయగానే గది సువాసనల తోట అయిపోయింది. అంటే, వాసన లేదని! ఇంకా పకడ్బందీగా ఉండాలని, ఇస్త్రీ బండి అతని దగ్గర బొగ్గు అడిగి, పొడికొట్టి, పాత సాక్సులో పోసి గొట్టంలో పెట్టాను. బొగ్గు వాసన పీలుస్తుందని చదివాను లెండి. పీల్చేలోపే ఫ్యాన్ బొగ్గునంతా ఎగరగొట్టింది.

సాయంత్రం టీచర్ కింద బకెట్టులో నానేసిన తెల్లచీర పట్టుకుని పైకొచ్చారు. చీర నిండా నల్ల చుక్కలు.

"చూశావా అమ్మాయ్? మీ ఉద్యమం వాళ్లు రోడ్డు మీద టైర్లు కాలిస్తే మసి నా బాత్రూం దాకా వచ్చింది. చర్చికి కట్టుకునే చీర!"

తెలంగాణ బంద్ రోజున రజితతో కలిసి రోడ్డు మీద కూర్చున్నదాన్ని నేను. ఉద్యమం మీద నింద పడుతుంటే నోరు విప్పాల్సిందా, కాదా? విప్పితే టెంటు బయటపడుద్ది, గది పోతుంది. "అవును టీచర్, గాలి ఇటే ఉన్నట్టుంది" అన్నాను. ఇంత ద్రోహినా అని నాకే అనిపించింది.

తర్వాత టీచర్‌కి ఎలక వాసన మొదలైంది.

"ఎక్కడో ఎలక చచ్చిందమ్మా. బాత్రూం వైపు మరీ ఘోరంగా ఉంది."

అప్పటికి నాకు అనుమానం రావాలి కదా? రాలేదు! వాసన ఆకాశంలోకి పోతోందనే నా లెక్క. పాపం, ఒంటరి మనిషని నేనే వెళ్లి సాయం పట్టాను. బీరువా జరిపాం, బియ్యం డ్రమ్ము జరిపాం, ట్రంకు పెట్టెలు దించాం. నేనైతే మంచం కిందికి దూరి టార్చి వేసి మరీ వెతికాను. ఎలక లేదు. "నువ్వు బంగారమమ్మా" అని టీచర్ కాఫీ ఇచ్చారు. తాగాను.

ఇక కూడిక రోజు సంగతి.

మధ్యాహ్నం కింద కూడిక. అంబర్‌పేట్ నుంచీ రామంతాపూర్ నుంచీ కూడా ఆడవాళ్లొచ్చారు. టీచర్ ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి, అగరొత్తులు వెలిగించి మరీ కూర్చోబెట్టారు. అదే సమయానికి క్యాంపస్‌లో ర్యాలీ. గేటు దగ్గర పోలీసులు ఆపారు, తోపులాట, ఆపైన టియర్ గ్యాస్. గాలికి గ్యాసంతా మా వీధి వైపే తిరిగింది. కింద వాళ్లు వీధి తలుపులూ కిటికీలూ గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. బాత్రూం కిటికీ ఎవరికి గుర్తుంటుంది?

రజిత తడి దస్తీ ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని నా గదిలోకి ఉరికొచ్చింది.

"కిటికీ ముయ్యవే! గ్యాస్ వస్తున్నది!"

"ముయ్యొద్దు. మూస్తే టెంటుకు గాలాడది."

"మనం సస్తున్నమే!"

"రెండు నిమిషాలు ఆగు."

రెండు నిమిషాలు ఆగింది. కళ్ల మంట నిజంగానే తగ్గింది. కిటికీలోంచి వచ్చిన గ్యాస్ వచ్చినట్టే టెంటు వైపు పోతోంది. రజిత దస్తీ తీసి, అనుమానంగా గాలి పీల్చింది.

"అరే, నీ రూంల గ్యాసే లేదేంది?"

"సూసినవా! వెంటిలేషన్ అంటే గిది. నువ్వేమో చిన్న ఫ్యాన్ కొనమంటివి."

చాయ్ పెట్టి ఇద్దరం దర్జాగా కూర్చున్నాం. కింద నుంచి ప్రార్థన వినిపిస్తోంది. గొంతులు వణుకుతున్నాయి. ఒకావిడ ఏడ్చింది. ఇంకొకావిడ అందుకుంది. కాసేపటికి అందరూ.

"బగ్గ భక్తి ఉన్నదే మీ టీచర్ వాళ్లకు" అంది రజిత. చాయ్ ఊదుకుంటూ మళ్లీ అడిగింది. "అవు గని, గా గ్యాసంత ఎటు పోతున్నదే?"

"గాలిబావిలకు. గాడికెళ్లి పైకి."

రజిత లేచి బాత్రూం కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది. తల లోపలికి తెచ్చి నన్ను చూసింది.

"పైన రేకున్నదే."

కింద ఏడుపు కాస్తా దగ్గయింది. ఆపైన తుమ్ములు. ఎవరో "తలుపు తియ్యండమ్మా!" అని కేక వేశారు. నేను పరుగెత్తి ఫ్యాన్ ఆపాను. తర్వాత తెలిసింది: మొదట్లో, కూడిక నడిపిస్తున్న పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుంటూ, "ఎన్నడూ కన్నీరు పెట్టని మన రూతమ్మను కూడా తాకావు తండ్రీ" అని స్తోత్రం చెప్పారట!

మెట్ల మీద అడుగుల చప్పుడు. టీచర్! ముక్కుకు తడి టవలు, కళ్లు చింతనిప్పులు. తలుపు తీసే ఉంది. టెంటూ, గొట్టమూ, టబ్బుల్లో నీళ్లూ అన్నీ కళ్లెదుటే. నా సామాను ఎన్ని అట్టపెట్టెల్లో పడుతుందా అని అప్పుడే ఆలోచిస్తున్నా.

"ఏంటిది?"

నోరు తెరిస్తే వచ్చిన మాట ఇదీ: "టీచర్, ఇదే ఎలక."

మొత్తం చెప్పేశాను. మసి టైర్లది కాదనీ చెప్పేశాను. టీచర్ మంచం కింద నేను దూరిన దగ్గరికొచ్చేసరికి రజిత గోడ వైపు తిరిగి భుజాలు ఊపడం మొదలుపెట్టింది.

టీచర్ టెంటు దగ్గరికి వచ్చారు. వంగి స్లాబు మీద అరచేయి పెట్టి తడి చూశారు. పొడిగానే ఉంది. దేవుడా, ఆ టబ్బులే కాపాడాయి!

"రాష్ట్రం అడగండమ్మా. ఇవ్వకపోతే మళ్లీ అడగండి. నేనేమన్నా అడ్డమొచ్చానా? ఆ గ్యాసు నా బాత్రూంలోకి పంపడమెందుకు?" అన్నారు. "రేపు పొద్దున్నకి ఈ గడ్డి నా మేడ మీద ఉండకూడదు."

"మరి నేను టీచర్?"

"నువ్వు కూడా పోతే ఆ బీరువా మళ్లీ గోడకెవరు జరుపుతారు?"

తెల్లారి బీరువా జరిపాను, డ్రమ్ము జరిపాను. గడ్డి సంచులన్నీ మోసుకెళ్లి పెరట్లో, బట్టలుతికే రాయి పక్కన పారేశాను. ఫ్యాన్ తిరిగి కాచిగూడ చేరింది. నాకూ సైన్సుకీ తెగిపోయిందనుకున్నాను.

ఇవాళ పొద్దున టీచర్ కింది నుంచి కేకేశారు. ఏ గోడ మరక చూపిస్తారో అని భయపడుతూ దిగాను. రాయి పక్కన పారేసిన సంచుల మీద, ఏ టెంటూ ఏ ఫ్యానూ లేకుండా, ఉతుకుడు నీళ్ల చెమ్మకి గుత్తులు గుత్తులుగా తెల్లటి పుట్టగొడుగులు! వాసనా లేదు, పాడూ లేదు.

మిరియాలు వేసి టీచరే వండారు. పాస్టరమ్మగారిక్కూడా గిన్నె వెళ్లింది. ఇప్పుడే మళ్లీ కింది నుంచి కేక. వీధి వీధంతా వినపడేట్టు:

"అమ్మాయ్! ఎలక కూర అయిపోయింది! పాస్టరమ్మగారు ఇంకాస్త ఉందా అని అడుగుతున్నారు!"